భాష నేర్వ వచ్చిన అతిథి

పరదేశమునుండి మన భాష నేర్వ వచ్చిన విద్యార్థిని కొన్ని మాసములపాటు ఇంటనే ఉంచుకొని, మనము తిను అన్నమే పెట్టి, మన మాటల నడుమనే మెలగనిచ్చుట అను పద్ధతి వినుటకు క్రొత్తగా తోచునేమో గాని, నిదానించి చూచినచో ఇట్టి ఆదరణ మనకు తెలియనిది కాదు. వేదముననో తర్కముననో వ్యాకరణముననో పరిశ్రమ చేయగోరి ఊరుగాని ఊరు వచ్చిన పేదబాలునకు సోమవారము ఒక ఇల్లాలు, మంగళవారము వేరొక ఇల్లాలు, ఇట్లు వారమునందలి ఏడు దినములకును ఏడు గృహములవారు భోజనము పెట్టి చదివించిన కాలము మన తాతలు కన్నులార చూచినదే. వారములు చేసికొని చదివి పెద్దవారైన పండితులును, న్యాయవాదులును, ఉపాధ్యాయులును తెలుగునాట ఎందరో ఉండిరి. వారికి అన్నము పెట్టిన ఇల్లాండ్ర పేర్లు మాత్రము ఏ గ్రంథమునను ఎక్కలేదు. ఆ ఆదరణ తరచుగా కులపు గీతలోపలనే నిలిచిపోయినదను మాటయు దాచదగినది కాదు. అయినను, చదువుకొనువానిని పోషించుట ప్రభుత్వముయొక్కయో సంస్థయొక్కయో పని మాత్రమే కాదనియు, గృహస్థు పని కూడ ననియు నమ్మిన సమాజము మనది.

వారాలబ్బాయికిని నేటి భాషావిద్యార్థికిని ఒక భేదము గలదు. వారాలబ్బాయి విద్య గురువునొద్ద నేర్చి, అన్నము ఇంట తినెడివాడు. జర్మనీనుండియో జపానునుండియో అమెరికానుండియో తెలుగు నేర్వ వచ్చినవానికి అన్నము పెట్టు ఇల్లే గురుపీఠము. అక్షరములు, సంధులు, విభక్తులు అతడు తన విశ్వవిద్యాలయమునందే నేర్చి రావచ్చును. కాని పొద్దున లేవగానే మనిషి మనిషితో ఏమనును, అలిగినపుడు ఏమనును, వద్దు అని చెప్పక వద్దని ఎట్లు తెలుపును, పాలవాడు ఆలస్యముగా వచ్చినపుడు ఏ గొంతుతో అడుగును, చుట్టము లేచి పోవునపుడు పోయివస్తానని ఎందుకు చెప్పును అను విషయములు ఏ పాఠ్యపుస్తకమును చెప్పజాలదు. అవి గడప లోపలనే దొరకును.

ఈ మాట చెప్పుటకు కడప జిల్లాకంటె తగిన చోటు వేరొకటి లేదని నా విశ్వాసము. ఏలయన, తెలుగు నేర్వ వచ్చిన పరదేశీయులలో అగ్రగణ్యుడైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన ఉద్యోగజీవితమును మొదలిడినది ఈ జిల్లాలోనే. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టి, తండ్రి మరణానంతరము ఇంగ్లండునకు పోయి చదువుకొని, 1817లో చెన్నపట్టణము చేరిన ఈ యువకుడు, సెయింట్ జార్జి కోటలోని కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులవారియొద్ద తెలుగు ఓనమాలు దిద్దెను. చెన్నపురి గవర్నరుగా వచ్చిన తామస్ మన్రో దత్తమండలముల ప్రజల నడుమ గుడారములు వేసికొని తిరిగి, వారి భాష తెలియనివాడు వారిని పాలింపజాలడని అనుభవమున గ్రహించినవాడగుటచే, క్రొత్తగా వచ్చు ఉద్యోగులు దేశభాషలలో గట్టివారు కావలెనని పట్టుబట్టెను. 1820లో బ్రౌను కడపకు కలెక్టరు సహాయకుడుగా వచ్చినపుడు అచ్చటి కలెక్టరు హాన్‌బరీ ప్రజలతో తెలుగున ధారాళముగా మాటలాడుచుండుట చూచి, తానును అట్లు మాటలాడవలెనని ఉవ్విళ్ళూరెను. పరీక్షకై నేర్చిన భాష వేరు, ఎదుటివాని నోట విని ఈర్ష్యపడి నేర్చిన భాష వేరు. బ్రౌనునకు రెండవది కడపలోనే సంభవించినది.

మచిలీపట్టణము, రాజమహేంద్రవరము తిరిగి 1826లో మరల కడపకు వచ్చిన బ్రౌను, పదునైదు ఎకరముల తోటతో కూడిన ఒక బంగళా కొని, అందులో పండితులకును, వ్రాయసకాండ్రకును వసతి కల్పించి, తన జీతమునుండియే వారికి జీతములు చెల్లించి, అది చాలనపుడు అప్పులు చేసి, పలుచోట్లనుండి తెప్పించిన తాళపత్రప్రతులను ఎదురెదురుగా పెట్టి పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ పనికి అయోధ్యాపురం కృష్ణారెడ్డి పెద్దగా నుండెను. జూలూరి అప్పయ్య శాస్త్రి వంటి పండితులు బ్రౌను కొలువున పనిచేసిరి. ఆ ఇల్లు జనులనోట బ్రౌను కాలేజీ అయ్యెను. 1829లో వేమన పద్యములు అచ్చుపడినవి. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. ఆయన 1884 డిసెంబరు 12న లండనున మరణించెను. కడపలోని ఆ బంగళా శిథిలమైపోగా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూర తిరిగి విరాళములు ప్రోగుచేసి అదే స్థలమున బ్రౌను స్మారక గ్రంథాలయమును లేపిరి. అదియే నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము.

ఇచ్చట ఒక విపర్యాసమును గమనింపవలసియున్నది. సామాన్యముగా గృహస్థు ఆతిథ్యమిచ్చును, విద్యార్థి స్వీకరించును. కడప బంగళాలో విద్యార్థియే గృహస్థు, గురువులే అతిథులు. దొర ఇంట పండితులు కాపురముండి దొరకు తెలుగు నేర్పిరి. దీనివలన తెలుగు సాహిత్యమునకు కలిగిన మేలు కొలువరానిది. కాని బ్రౌను ధనము పెట్టి తెప్పించుకొనగలిగినది పాండిత్యమును, గ్రంథమును, కచేరి భాషయును. ఎంత ధనము పెట్టినను ఆ కాలమున ఆయనకు దొరకనిది ఒకటి గలదు. అది ఇంటి తెలుగు. ఈస్టిండియా కుంపెనీ ఉద్యోగి రైతు ఇంటి వంటసాలలో పీట వేసికొని కూర్చుండుటకు దొరతనమును అంగీకరింపదు, ఆచారమును అంగీకరింపదు. ఆ వాకిలి అటునుండియు మూసియుండెను, ఇటునుండియు మూసియుండెను. అయినను ఆయన చెవి ఆ వైపునకే పోవుచుండినదనుటకు నిదర్శనములు గలవు: తాను కూర్చిన తెలుగు వాచకమునందు జాబులకు చోటిచ్చెను, తాతాచారి కథలను సేకరించి ప్రకటించెను, కచేరిలోను సంతలోను జనులు వాడు అన్యదేశ్యములకు 1854లో ప్రత్యేకముగా మిశ్రభాషా నిఘంటువు కట్టెను. మూసిన తలుపు వెలుపల నిలిచి విన్నవాడే అంత విన్నచో, లోపలికి రానిచ్చిన విద్యార్థి ఎంత వినగలడో ఊహింపవచ్చును.

తరువాత వచ్చినవారిలో కొందరు ఆ తలుపును కొంతకొంత తెరచుకొనిరి. పంతొమ్మిదవ శతాబ్ది చివర లండన్ మిషన్ వారు జమ్మలమడుగున స్థాపించిన ఆసుపత్రికి (నేటికిని అది క్యాంబెల్ ఆసుపత్రియే) వచ్చిన వైద్యులును నర్సులును రోగి మంచముప్రక్క నిలిచి నొప్పి ఎక్కడ, ఎట్టిది, ఎన్నాళ్ళనుండి అని అడిగి తెలిసికొనవలసివచ్చెను. ఆ ప్రశ్నలకు సమాధానములు గ్రాంథికమున రావు. గాలెట్టి దొర 1935లో వెలువరించిన నిఘంటువున జనుల నోటిమాటకే పెద్దపీట వేసెను. మన రాష్ట్రమున దీర్ఘకాలము ఉద్యోగము చేసిన గ్విన్‌గారు భద్రిరాజు కృష్ణమూర్తిగారితో కలిసి 1985లో ఆధునికభాషకు వ్యాకరణము వ్రాసిరి. అమెరికానుండి వచ్చిన జీన్ రోఘేర్ పల్నాటిలో నివసించి, అలిశెట్టి గాలెయ్య పాడిన వీరగాథలను విని, 1982లో గ్రంథము ప్రకటించెను. ఇజ్రాయెల్‌కు చెందిన డేవిడ్ షుల్మన్ 2006లో కొన్ని నెలలు రాజమహేంద్రవరమున కాపురముండెను. వీరందరును పండితులు. సామాన్యవిద్యార్థికి, ఇరువది యేండ్ల పిల్లకు, ఇంకను నోరు తిరుగనివానికి మన ఇండ్లలో చోటేది అనునదే నా ప్రశ్న.

ఇతర దేశములవారు ఈ పనిని ఎట్లు నిర్వహించిరో చూడదగియున్నది. 1932లో డొనాల్డ్ వాట్ అను అమెరికన్, మొదటి మహాయుద్ధపు ద్వేషము చల్లారని ఐరోపాకు తన దేశపు యువకులను తీసికొనిపోయి, అటుపిమ్మట అచ్చటి కుటుంబములలోనే వారిని ఉంచు పద్ధతిని ప్రవేశపెట్టెను. పరదేశీయుని బల్లయొద్ద కూర్చుండి రొట్టె తిన్నవాడు వానిని శత్రువుగా తలంపడని ఆయన నమ్మకము. ఐర్లండుదేశపు కథ మనకు ఇంకను దగ్గర. ఇంగ్లీషు ధాటికి తమ ఐరిష్ భాష పడమటి తీరమునందలి పల్లెలకు పరిమితమైపోగా, ఆ దేశీయులు 1904లో మన్‌స్టర్ ప్రాంతమున మొదటి వేసవి కళాశాలను తెరచి, ఆ పల్లెల గృహములలోనే విద్యార్థులను ఉంచసాగిరి. నేటికిని వేసవిలో వేలకొలది పట్టణపు పిల్లలు గేల్‌టాక్ట్ అనబడు ఆ ప్రాంతములకు పోయి, ఐరిష్ మాటలాడు ఇండ్లలో ఉండి వత్తురు. ఇంట ఐరిష్ నిజముగా మాటలాడువారికే ప్రభుత్వము విద్యార్థికి ఇంతయని సొమ్ము చెల్లించును. మిక్కిలి కఠినమైన నియమమొకటే: ఇంగ్లీషు మాటలాడరాదు. ఆ నియమమును నిలిపినది పాఠశాల పంతులుకంటె ఎక్కువగా ఇంటి ఇల్లాలు. చిన్నపాటి సేద్యమును చేపలవేటయు తప్ప పెద్ద ఆధారము లేని ఆ పల్లెలకు, తమ నోట నున్న మాటకే విలువ గలదని తెలిసిన దినము ఎట్టిదో మన రాయలసీమవాసులు ఆలోచింపవలెను.

ఆలోచింపవలెననుటకు కారణమున్నది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను మూడు పట్టణములును పూర్వము రేనాడని పేరొందిన నేలలోనివి. ఆ రేనాటిచోళులలోని ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము, దాదాపు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించినది, ప్రొద్దుటూరునకు కొద్దిదూరమునందలి కలమళ్ళ గ్రామమున చెన్నకేశవ సిద్ధేశ్వరాలయమున వెలుగుచూచినది. రాజశాసనము సంస్కృత ప్రాకృతములను విడిచి తెలుగున పలికిన తొలినాళ్ళకు సాక్ష్యమది. తెలుగు నేర్వ వచ్చినవాడు హైదరాబాదుననే నిలిచిపోవుటయు, అమెరికన్ సంస్థలు నడపు తెలుగు తరగతులు అచ్చటనే సాగుటయు సౌకర్యమును బట్టి సహజమే. కాని ఈ రాతి యెదుట ఒక దినము నిలిచి, సాయంకాలము ఆ ఊరివారి నోట నేటి తెలుగు విన్న విద్యార్థి, పదునాలుగు శతాబ్దులను ఒక్క పూటలో నడచినవాడగును.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకును, ప్రత్తి వ్యాపారమునకును, బట్టలకును పేరుపొందిన ఊరు. అంగడిలో పది నిమిషములు కూర్చున్నచో బేరమున ఎన్ని గొంతులు మారునో వినవచ్చును. ఒకే వీథిలో తెలుగును, ముసల్మానుల ఇండ్లలోని ఉర్దూయు కలగలిసి వినవచ్చును. రెండును ఒకే మనిషి నోట ఒకే వాక్యమున వచ్చినను ఎవరును వింతపడరు. ఈ ఊరనే పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిరకాలము నివసించి, అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణములు చేయుచు శివతాండవమును రచించిరి. ఆయన పదునాలుగు భాషలు నేర్చిరి. అందు ఇంగ్లీషు ఎట్లు నేర్చిరనునది మన ప్రస్తావనకు మిక్కిలి తగియున్నది: పెనుగొండలో బాలుడుగా నున్నపుడు అచ్చటి సబ్‌కలెక్టరు పిట్‌గారి భార్య ఆ బాలుని చేరదీసి ఇంగ్లీషు సాహిత్యమును చెప్పినది. ఆ తల్లి తలుపు తీయకున్నచో మనకు దక్కిన బహుభాషాకోవిదుడు ఒక భాషకు దూరమై యుండెడివాడు. తెలుగు బాలునకు తన వాకిలి తెరచిన పరదేశపు ఇల్లాలి ఋణము మన సీమకు ఇంకను మిగిలియున్నదనియే నేను తలంతును.

ఇక ఇల్లు. పులివెందుల ప్రాంతపు పల్లెటూరి మిద్దెయింటిని ఊహింపుడు. పొయ్యిమీద ఎసరు కాగుచున్నది. నూకలు ఉడికినవి, పైన రాగిపిండి పడినది, ఇంటి పెద్దమ్మ తెడ్డు పట్టుకొని గెలుకుచున్నది. వ్యాకరణము చదివి వచ్చిన పిల్ల గుమ్మమునొద్ద నిలిచి, “మీరు ఏమి చేస్తున్నారు?” అని అక్షరమక్షరము విడదీసి అడుగును. “సంగటి గెలకతాండా నాయనా. రొంత ఎనక్కి జరిగి కూకో, ఆవిరి కొడ్తాది” అని ముసలమ్మ చెప్పును. ఆ రెండు వాక్యములలో ఆ పిల్లకు తెలియని క్రియారూపములు మూడున్నవి. ఆడపిల్లను నాయనా అని పిలుచుటలోని లాలన ఏ పాఠమునను ఆమెకు తగులలేదు. ముసలమ్మ చేతిని నీళ్ళతో తడిచేసికొని వేడి సంగటిని ముద్ద కట్టి, చెనిక్కాయల ఊరిబిండి ప్రక్కన పెట్టి, “శానా కారమేమో సూడు, తినలేకుంటే రొంత నెయ్యి ఏసుకో” అనును. మరునాడు ఆ పిల్లయే తెడ్డు పట్టును. పిండి ఉండలు కట్టినపుడు ముసలమ్మ అను మాట, సరిగా కుదిరినపుడు అను మాట, రెండును ఆమెకు జీవితాంతము నిలుచును. ఏలయన అవి ఆమె చెవితో మాత్రమే గాక చేతితో నేర్చిన మాటలు.

సంబోధనల సంగతి వేరుగా చెప్పవలెను. నీవు, మీరు అను భేదమును ఒక పుటలో చదివి వచ్చిన విద్యార్థికి మన ఇంటిలోని వ్యవహారము అడవివలె తోచును. తల్లిని నువ్వు అనుచున్నారు, తండ్రిని కొన్ని ఇండ్లలో మీరు అనుచున్నారు, మరికొన్ని ఇండ్లలో నువ్వు అనుచున్నారు. జేజిని నువ్వు అనుటలో ప్రేమయేగాని అమర్యాద లేదు. అల్లునికి మీరు తప్పదు. ఇంటి పిల్లలతో ఆడుకొని నువ్వు అనుట అలవాటైన అతిథి, వచ్చిన పెద్దమనిషిని కూడ నువ్వు అనినపుడు గదిలో ఒక్కక్షణము నిశ్శబ్దము కలుగును. అప్పుడు నవ్వి ఊరకుండుట దయ కాదు. “పెద్దోళ్ళను మీరు అనాల, పెదనాయనా అని పిలువు” అని అక్కడికక్కడ చెప్పుటయే దయ. మనవారికి పరాయివారి తప్పు దిద్దుట మొగమాటము. తెల్లవాడు తెలుగు రెండు ముక్కలు పలికినచో ఆహా యని మెచ్చి విడిచిపెట్టుదురు. ఆ మెప్పుకోలు విద్యార్థికి మొదటివారము బలమిచ్చును. మూడవ నెలలో అదే అడ్డుగోడ యగును.

అంతకన్న పెద్ద అడ్డుగోడలు రెండు గలవు. మొదటిది ఇంగ్లీషు. కాన్వెంటున చదువు పిల్లలున్న ఇంట పరదేశీయుడు అడుగిడగానే తల్లిదండ్రులకు కలుగు మొదటి ఆశ, పిల్లల ఇంగ్లీషు బాగుపడునని. ఆ ఆశ తప్పు కాదు. కాని దానికి హద్దు లేకున్నచో అతిథి తెలుగు నేర్వవచ్చి ఇంగ్లీషు ట్యూషను చెప్పి తిరిగిపోవును. దినమునకు ఒక గంట పిల్లల ఇంగ్లీషునకు, తక్కినదంతయు తెలుగునకు అని మొదటిదినముననే అనుకొనుట మేలు. రెండవది సిగ్గు. మన యాస పరాయివానికి నేర్పదగినది కాదని మన సీమవారిలో పలువురకు లోలోపల ఒక తలంపు గలదు. సినిమాలలో మన మాటను కత్తులు నూరు పాత్రల నోటనే వినిపించి వినిపించి ఈ సిగ్గును పెంచిరి. అతిథి రాగానే వారు గొంతు మార్చి, టీవీ వార్తల తెలుగును అరువు తెచ్చుకొని, “ఏంటికి” అనవలసినచోట “ఎందుకు” అని జాగ్రత్తగా పలుకుదురు. దీనివలన విద్యార్థికి కలుగు నష్టము పెద్దది. వార్తల తెలుగు అతనికి లండనుననే లభించును. జమ్మలమడుగు మగ్గాల ఇంట నేతవాని మాట, పెన్న యొడ్డున గొర్లకాపరి మాట, పులివెందుల చీనీతోటలో బేరగానితో రైతు పలుకు మాట, ఇవి ఇచ్చటికి రానిదే లభింపవు. నన్నయ భాషకు లోటు రాకుండ చదువనిండు. ఇంటిలో మాత్రము ఇంటిమాటయే మాటలాడుడు.

సౌకర్యముల విషయమున మనవారు అనవసరముగా భయపడుదురు. ఏసీ గది కావలెనని అడుగువాడు పల్లెకు రాడు. కావలసినవి కొన్నియే: లోపలనుండి గడియ వేసికొను గది, కాచి చల్లార్చిన నీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, మొదటి పదిదినములు తగ్గించిన కారము. గది సంగతి నొక్కి చెప్పుచున్నాను. మన ఇంట ఒంటరితనము దుఃఖమునకు గురుతు. ఎవరైన తలుపు మూసికొన్నచో ఏమైనదో యని తట్టుదుము. దినమంతయు పరభాష విని విని తల బరువెక్కిన విద్యార్థికి ఒక గంట మౌనము ఔషధము. అట్లే వయసు, పెండ్లి, జీతము, మతము గురించి మొదటి పూటనే అడుగుట మనకు ఆత్మీయత, వారికి చొరబాటు. ఆడపిల్లలు వచ్చినపుడు ఈ జాగ్రత్త రెండింతలు కావలెను. మీదే కులము అను ప్రశ్న ఇంటికి వచ్చిన ప్రతివానిని చుట్టుకొనును; ఆ ప్రశ్నను అతిథి తన చెవులతో వినును, దాని వెనుక నున్న గీతలను తన కన్నులతో చూచును. దానిని దాచి ప్రయోజనము లేదు. ఏ వాడలో ఎవరి ఇంట కాఫీ త్రాగవచ్చును, ఎవరి ఇంట వద్దు అని అతనికి మనము గీతలు గీయుట మాత్రము ఆతిథ్యమునకు మచ్చ.

చట్టము కోరునది ఒకటి గలదు. విదేశీయుని ఇంట ఉంచుకొన్న గృహస్థు, హోటలువానివలెనే, అతిథి వచ్చిన 24 గంటలలోగా నిర్ణీత పత్రమును నింపి ఆన్‌లైనున పంపవలెను; జిల్లాలలో విదేశీయుల నమోదు అధికారి ఎస్పీగారే. పాస్‌పోర్టు, వీసా వివరములు చేతనున్నచో ఆ పని కొద్దిసేపటిలో ముగియును. దానిని చేయక ఊరకున్నచో తరువాత గృహస్థునకును అతిథికిని చిక్కులు కలుగును.

డబ్బు తీసికొనవలెనా అను సంశయము పెద్ద ఇండ్లలో తప్పక వచ్చును. అన్నము అమ్ముకొందుమా అని పెద్దలు కసరుదురు. వారి మాటలోని గౌరవమును కాదనను. కాని నా అభిప్రాయమున న్యాయమైన మొత్తము పుచ్చుకొనుటయే ఉభయులకును మంచిది. ఉచితముగా తిను అతిథి కారమెక్కువైనదని చెప్పలేడు, ఈ పూట ఆకలి లేదనలేడు, వేరొక ఇంటికి మారుదునని అసలే అనలేడు. అంతకుమించి, దినమంతయు వండి, తప్పులు దిద్ది, మాటలు చెప్పిన ఇల్లాలి శ్రమకు వెల గలదని ఆమెకును ఆమె ఇంటివారికిని తెలియుట అవసరము. ఐర్లండు పల్లెలలో ఆ సొమ్ము ఇల్లాలి చేతికే వచ్చును.

పరాయి ఇంట ఉండి భాష నేర్చుట యనగా ఏమో ఈ జిల్లాలో పుస్తకము చదివి తెలిసికొననక్కరలేనివారు వేలకొలదిగా ఉన్నారు. పాత కడప జిల్లానుండి కువైటునకు పోయి ఇంటిపనికి, వంటపనికి, డ్రైవరుపనికి కుదిరిన స్త్రీపురుషులు, ఏ బడికిని పోక, ఏ నిఘంటువును ముట్టక, యజమానుల ఇండ్లలోనే అరబ్బీ నేర్చిరి. ఏ పాత్రకు ఏ పేరు, పసిబిడ్డ ఏడ్చిన ఏమనవలెను, యజమానురాలి గొంతులో కోపమెంత, అలసట ఎంత అను విషయములు వారికి పనినడుమనే తెలిసినవి. వారిలో కొందరికి ఆదరణ లభించినది, కొందరికి అవమానము లభించినది. భాష రానివాడు ఇతరుల ఇంట ఎంత అసహాయుడో, నవ్విన మొగమొకటి కనబడినచో ఎంత ధైర్యము కలుగునో వారివలె ఎరిగినవారు ప్రొఫెసర్లలోను లేరు. తిరిగివచ్చి ప్రొద్దుటూరునందో పల్లెయందో ఇల్లు కట్టుకొన్న అట్టి స్త్రీ ఇంట ఒక విద్యార్థినిని ఉంచినచో, ఆమె ఆ పిల్లకు తెలుగు నేర్పు తీరు చూచి మన శిక్షణకళాశాలలు పాఠములు నేర్వవచ్చునని నేను మనఃపూర్వకముగా నమ్ముచున్నాను.

కావలసినది పెద్ద సంస్థ కాదు. కడపలోని బ్రౌను కేంద్రమును, యోగి వేమన విశ్వవిద్యాలయపు తెలుగు శాఖయును కలిసి, ఇష్టపడిన గృహస్థుల పట్టికను కట్టి, ఇండ్లను చూచి, విద్యార్థికి ఉదయమున రెండు గంటలు వ్యాకరణమును, పఠనమును చెప్పించి, తక్కిన దినమును ఇంటికి విడిచిపెట్టిన చాలును. ప్రొద్దుటూరున అంగడివారి ఇంట ఒక మాసము, జమ్మలమడుగున మగ్గాలవారి ఇంట ఒక మాసము, పులివెందుల ప్రక్క పల్లెలో రైతు ఇంట ఒక మాసము. మూడు ఇండ్లు, మూడు వృత్తులు, ఒకే రేనాటి పలుకు. ప్రతి ఇంటికిని ఒక నోటుపుస్తకమిచ్చి, అతిథికి ఆ దినము తెలియక అడిగిన మాటలను ఇంటి పిల్లలచేత వ్రాయించినచో, మూడేండ్లలో సీమపలుకునకు చిన్న నిఘంటువే సిద్ధమగును. అది బ్రౌను చేయలేక విడిచిన పని. కాలము విషయమున మాత్రము జాగ్రత్త పడవలెను. చైత్ర వైశాఖములలో రాతినేల కాగి, బండపరపులు కాలు పెట్టనీయక, నీటికి కటకట పడు దినములలో క్రొత్తవారిని పిలువరాదు. భాద్రపదాంతమున వచ్చినచో ప్రొద్దుటూరి దసరా వారికి దక్కును. వాసవీమాత ఊరేగింపునాడు ఊరంతయు వీథిలోనే ఉండును, మాటలాడువారికి కొదువ లేదు. సంక్రాంతి దాటువరకు ఉన్నచో చలికాలమంతయు గండికోట లోయయు, పెన్నయు, కోతలును చూచి, కనుమ మరునాడు బయలుదేరవచ్చును.